తెల్లగోడ చిరునామా

అంబులెన్స్ డ్రైవర్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. బండి స్పీడు గురించి అడుగుతారు, సైరన్ గురించి అడుగుతారు, వానలో బ్రేకు ఎట్లా తొక్కాలో అడుగుతారు. అడ్రసు పట్టుకోవడం గురించి మాత్రం ఇంతవరకు ఒక్కడూ అడగలేదు. ఫోన్‌లో మ్యాపు ఉంది కదా అని వాళ్ళ ధీమా. ఆ ధీమా చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే అడగకపోయినా చెబుతున్నాను, కాస్త ఓపిక పట్టండి.

సర్వీసులో ఎక్కువకాలం నేను బీచుపల్లి దగ్గర హైవే మీద పనిచేశాను. అక్కడ చూసిన ప్రమాదాలు పగవాడికి కూడా వద్దు. కానీ ఒక్క సుఖం ఉండేది. రాయి మీద ఉన్న కిలోమీటరు అంకె చెప్పి, కర్నూలు దిక్కా హైదరాబాదు దిక్కా చెబితే చాలు, నేరుగా వెళ్ళిపోయేవాణ్ణి. రిటైర్మెంటు దగ్గర పడ్డాక నడుంనొప్పి అని మొరపెట్టుకుంటే వనపర్తి టౌనుకు మార్చారు. ఇక మీదట చిన్న చిన్న కేసులే, నడుముకు విశ్రాంతి దొరుకుతుందని మా ఇంటావిడ సంబరపడింది. నాకూ అట్లాగే అనిపించింది.

వనపర్తికి చదువుల ఊరని మొదటినుంచీ పేరుంది. రాజావారి ప్యాలెస్‌లోనే పాలిటెక్నిక్ నడిచిన ఊరు. జిల్లా అయ్యాక కాలేజీలు ఇంకా పెరిగాయి. కాలేజీల వెంట హాస్టళ్ళు, హాస్టళ్ళ వెంట మెస్సులు, మెస్సుల వెంట జిరాక్సు షాపులు వచ్చాయి. చివరికి ఒక ప్రైవేటు చిత్రకళ కాలేజీ కూడా వచ్చింది. హైదరాబాదులో కిరాయిలు భరించలేని పిల్లలు, హైదరాబాదు మొహం మొత్తిన పంతుళ్ళు అందులో చేరారు. శనివారం పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి పట్నంలో ఉండొచ్చు, ఆదివారం సాయంత్రానికి తిరిగి రావచ్చు. దాంతో ఊరికి ఒక కొత్త కళ వచ్చింది. పేషెంట్లను దింపడానికి వచ్చినప్పుడల్లా ఇరవై ఏళ్ళుగా నేను చాయ్ తాగిన హోటల్‌లో బెంచీలు తీసేసి పాత లారీ టైర్లు వేశారు. వాటిలో కూర్చుంటే నా నడుము మళ్ళీ లేచేది కాదు. సాయంత్రమైతే ఎవరో ఒకరు గిటార్ వాయించేవాళ్ళు. నేను కిరాయికున్న గదిని ఇంటాయన నలుగురు విద్యార్థులకు ఇచ్చుకుని, నన్ను మర్యాదగా ఊరి చివరికి సాగనంపాడు.

ఇవన్నీ భరించాను. గోడల సంగతే భరించలేకపోయాను.

కాలేజీ పక్కన పెద్ద కొత్త కాలనీ లేచింది. మొన్నమొన్నటి దాకా అది పల్లిచేలు. ప్లాట్లు చేసి, రాళ్ళు పాతి, చుట్టూ పొడుగాటి ప్రహరీలు కట్టారు. ఇళ్ళకు నంబర్లు లేవు, గల్లీలకు పేర్లు లేవు. ఎందుకు లేవంటే, ప్లాట్లు కొన్న పెద్దమనుషులంతా కలిసి ఒక కమిటీ పెట్టుకున్నారు. ప్రతివాడూ తన గల్లీకి తన తండ్రి పేరే పెట్టాలన్నాడు. ఒకే గల్లీలో ఏడుగురు తండ్రులు పోటీకి వచ్చారు. మీటింగులు జరిగాయి, చాయ్‌లు తాగారు, పేర్లు మాత్రం తేలలేదు.

ఈలోగా కాలేజీ పిల్లలు ఆ గోడల మీద బొమ్మలు వేశారు. ఒక గోడ మీద నెమలి, ఒక గోడ మీద ఏనుగు, ఇంకో గోడ మీద నోరు తెరిచిన మొసలి. ఒకచోట ఉత్త రంగులు కలిపి కొట్టారు. అది ఏమిటో తెలియక జనం దాన్ని పిచ్చిగోడ అన్నారు. చూస్తుండగానే అవే అడ్రసులైపోయాయి. పెళ్ళిపత్రికలో కూడా ‘ఏనుగు గోడ ఎదురుగా’ అని అచ్చువేయించుకున్నారు. ఫోన్ రాగానే నేను కూడా పేషెంటు పేరు కంటే ముందు ఏ గోడ అని అడగడం మొదలుపెట్టాను. వేరే గతి ఏముంది?

ఇందులోనూ తిప్పలే. ఒకాయనకు ఛాతీనొప్పి వస్తే, వాళ్ళావిడ ఉడుము గోడ దగ్గర అని చెప్పింది. కాలనీ అంతా తిరిగాం, ఉడుము లేదు. చివరికి చూస్తే మేం మొసలి అనుకుంటున్నదే ఆమెకు ఉడుము. ఆయనకు దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. ఉత్త గ్యాసు. బండి ఎక్కుతూ ఆయన కూడా దాన్ని ఉడుమనే వాదించాడు.

నాతో డ్యూటీ చేసే టెక్నీషియన్ వడ్డేపల్లి దిక్కు రైతుబిడ్డ. బండి వెనక పేషెంటును చూసుకునే పని ఆమెది. నా కూతురి వయసు, అయినా అన్నా అనే పిలిచేది. నేను బొమ్మల మీద చిరాకుపడినప్పుడల్లా నవ్వేది. “బొమ్మలన్న ఉన్నయ్ కదన్నా. మా ఊర్ల అయితే కుక్క మొరిగే ఇల్లు అని చెప్తరు” అనేది. ఆమె నవ్వు చూసి నేనూ సర్దుకునేవాణ్ణి.

ఇక అసలు రోజు సంగతి.

కాలేజీలో ఏటా గోడల పండుగ చేస్తారు. గుంపులు గుంపులుగా పోటీపడి కొత్త బొమ్మలు వేస్తారు. ఆ ఏడాది ఎవరికీ అన్యాయం జరగకూడదని ఒక పంతులుగారికి గొప్ప ఆలోచన వచ్చింది. అన్ని గోడలకూ ఒకేసారి సున్నం కొట్టించాడు. నెమలి పోయింది, ఏనుగు పోయింది, మొసలి పోయింది, ఉడుమూ పోయింది. కాలనీ మొత్తం తెల్లగా తయారైంది. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. మాకెందుకు చెబుతారు?

ఎండ నడినెత్తిన ఉండగా ఫోన్ వచ్చింది. పట్నంలో ఫోన్లు తీసుకునే అమ్మాయి, ఫోన్ చేసిన అమ్మాయిని మాతో కలిపింది. గోడ కింద రాళ్ళు జరుపుతుంటే తన స్నేహితురాలిని పాము కరిచిందని ఆ పిల్ల ఏడుస్తూ చెప్పింది. కుడిచేతి వేళ్ళ మీద కరిచిందట, చెయ్యి అప్పుడే ఉబ్బుతోందట. నేను బండి తీస్తూనే అలవాటుగా ఏ గోడ అని అడిగాను.

“తెల్లగోడ అంకుల్.”

కాలనీ మలుపు తిరగగానే బ్రేకు తొక్కాను. ఎటు చూసినా తెల్లగోడలే.

ఇంతకుముందు దాని మీద ఏ బొమ్మ ఉండేదని అడిగాను. వాళ్ళు ఫస్ట్ ఇయర్ పిల్లలు. ఈ మధ్యే హైదరాబాదు నుంచి వచ్చి చేరారు. పోయినేటి బొమ్మ సంగతి వాళ్ళకు తెలియదు. పక్కన ఏముందని అడిగితే ఇంకో గోడ ఉందని చెప్పింది. నాకు స్టీరింగు పీకి పారేయాలనిపించింది. భయం వేసినప్పుడు నాకు కోపం వస్తుంది, అది నా గుణం. ఆ పిల్ల మీద గట్టిగా అరిచాను.

టెక్నీషియన్ ఫోన్ తీసుకుని, అక్కడ ఊరివాళ్ళు ఎవరైనా ఉంటే ఇవ్వమంది. మేకలు కాసుకునే ఒక ముసలమ్మ ఫోన్ అందుకుంది.

“మా చిన్నబాపు పల్లిచేను కాడ బిడ్డా. తుమ్మచెట్టు కొట్టేసినరు సూడు, గాడ” అంది.

ఆమె చిన్నాన్న ఎవరో, ఆయన చేను ఎటువైపో నాకేం తెలుసు? మా ఊరు బల్మూర్. కొట్టేసిన చెట్టును వెతుక్కుంటూ ఎక్కడికి పోవాలి? ఆమె తప్పు లేదు. చెప్పాల్సినంత సరిగ్గానే చెప్పింది. పిల్లలు చెప్పిందీ అబద్ధం కాదు. అందరూ నిజమే చెబుతున్నారు, నేను మాత్రం కాలుగాలిన పిల్లిలా అవే గల్లీలు తిరుగుతున్నాను. ఆ నాలుగు నిమిషాలో ఐదు నిమిషాలో నాకు ఒక జన్మంత అనిపించాయి.

అప్పుడు ఆ పిల్లలే తెలివిగా ఫోన్‌లో లొకేషన్ పంపారు. మ్యాపు దారి చూపించింది. కుడికి తిరగమంది, ఎడమకు తిరగమంది, చివరికి చేరుకున్నామని చల్లగా చెప్పింది. బండి ఆపి చూస్తే ఎదురుగా మనిషికంటే ఎత్తు గోడ. మనుషులు లేరు. హారన్ కొడితే గోడ అవతల నుంచి కేకలు వినిపించాయి. చేరుకున్నది నిజమే, గోడకు ఇవతలివైపు. ఆ పిల్ల అవతల.

అటువైపు ఎట్లా రావాలని అరిచాను. ముసలమ్మ గొంతు వినిపించింది.

“బండి రాదు నాయనా. మోరీకి తవ్వి పెట్టిండ్రు, గల్లీ అంత గుంతలే. నడిచొస్తే సుట్టు తిరిగి రావాలె.”

మోసుకుని చుట్టూ తిరగడమంటే ఆ ఎండలో, ఆ మురికికాలవ గుంతల్లో, ఎంతసేపు పడుతుందో. నడిపిస్తే విషం తొందరగా ఎక్కుతుంది. టెక్నీషియన్ నా మొహం చూసింది. నేను గోడ మొహం చూశాను. ఆ గోడ అప్పటికే నాకు బద్ధశత్రువు.

“గోడ మీంచే తీసుకుందమన్నా” అంది ఆమె.

పిల్లల దగ్గర బొమ్మలు వేయడానికి తెచ్చుకున్న నిచ్చెనలు, డ్రమ్ములు, పొడుగు చెక్కలు ఉన్నాయి. టెక్నీషియన్ బండి బంపరు మీద కాలుపెట్టి, గోడెక్కి అవతలికి దిగింది. పోగానే ఎవరో బిగించి కట్టిన చున్నీని విప్పించింది, చెయ్యి కదలకుండా బద్దకు ఆనించి కట్టింది, ఆ పిల్లను చెక్క మీద వెల్లకిలా పడుకోబెట్టించింది. నేను బండిని గోడకు ఆనించి, నడుంనొప్పి మరిచి బానెట్ ఎక్కాను. ఇద్దరు కుర్రాళ్ళు గోడ దూకి నా పక్కకు వచ్చారు. అవతలివాళ్ళు డ్రమ్ముల మీద నిలబడి చెక్కను భుజాలకెత్తారు. గోడ మీద కాస్త కాస్తగా జరుపుతూ ఇటు అందించారు. సున్నం ఇంకా ఆరలేదు. అందరి చొక్కాలూ, చేతులూ తెల్లబడ్డాయి. ఆ పిల్ల జుట్టుకు కూడా సున్నమే. నేను ఒక్కసారి కూడా అరవలేదు. అరిస్తే ఎవరి చెయ్యైనా జారుతుందేమోనని భయం.

టెక్నీషియన్ కూడా గోడ దిగి వచ్చాక ఆ పిల్లను బండిలో పెట్టి తలుపు వేయబోతుంటే, గోడ మీది నుంచి ఒక కుర్రాడు రంగుల బకెట్ అందించాడు. మూత మీద రాయి కట్టి ఉంది. ఏంటని అడిగాను.

“పాము అంకుల్. డాక్టర్‌కి చూపించాలి కదా. పట్టేశాం.”

బతికున్న రక్తపింజరను బకెట్‌లో పెట్టి, పక్కింటికి పులుసు ఇచ్చినట్టు నా చేతికి ఇస్తున్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను నోటికి తెచ్చుకోని మాటలన్నీ ఆ నిమిషంలో వాడేశాను. ఫొటో చాలు, పామును నా బండిలో ఎక్కించేది లేదన్నాను. ముసలమ్మకు నా తిట్లు బాగా నచ్చినట్టున్నాయి, గోడ అవతల నవ్వడం వినిపించింది. తర్వాత ఆమే పిల్లలను దూరం జరిపించి, పాములు పట్టేవాణ్ణి పిలిపించిందని తెలిసింది.

దవాఖానకు పోతున్న దారిలో ఆ పిల్ల ఒక్కటే అడిగింది. నొప్పికి పళ్ళు బిగించి, మాట కూడబలుక్కుని అడిగింది.

“చెయ్యి పనిచేస్తుందా అక్కా?”

టెక్నీషియన్ సెలైన్ పెట్టే పనిలో ఉంది. నేనే డ్రైవరు సీట్లోంచి, ముందు మనిషివి బతుకమ్మా, చెయ్యి సంగతి తర్వాత చూద్దామన్నాను. అద్దంలో ఆమె మొహం చూశాను. ఆమె అడిగింది ప్రాణం గురించేనని అప్పుడర్థమైంది. బొమ్మలు వేసేవాళ్ళకు ఆ కుడిచెయ్యే ప్రాణం. హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా నడిపాను.

విరుగుడు ఇంజక్షన్లు వనపర్తి దవాఖానలోనే పడ్డాయి. ప్రాణానికి ప్రమాదం తప్పింది. చేతి కోసం రెండు రోజులకు వాళ్ళమ్మా నాన్నా వచ్చి పట్నం తీసుకుపోయారు. కొద్దిగా ముందు మందు పడితే వేళ్ళు పూర్తిగా బాగుండేవేమో అని నర్సమ్మ ఎవరితోనో అంటుంటే విన్నాను. నన్ను ఉద్దేశించి అనలేదు. అయినా ఆ మాట నా వెంట ఇంటికి వచ్చింది, అన్నం దగ్గర కూర్చుంది, పడుకుంటే పక్కన పడుకుంది. నేను గల్లీలు తిరిగిన ఆ కొద్దిసేపే ఆ పిల్ల వేళ్ళు తినేసిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మరుసటి వారం కాలనీ కమిటీ దగ్గరకు వెళ్ళాను. మీ తండ్రుల పేర్లు మీరే ఉంచుకోండి, గల్లీలకు ఒకటి, రెండు, మూడు అని అంకెలన్నా వేయండని చేతులు జోడించాను. అందరూ భేష్ అన్నారు. తర్వాత ఏ గల్లీ ఒకటో నంబరు అవ్వాలని గొడవ మొదలైంది. అందరికీ ఒకటో గల్లీయే కావాలి. నేను చాయ్ కూడా తాగకుండా లేచి వచ్చాను.

కాలేజీకి వెళ్ళాను. సున్నం కొట్టించిన పంతులుగారు మంచి మనిషి, పాపం చాలా బాధపడ్డాడు. అంకెలూ అక్షరాలూ తమ పిల్లలే రాస్తారని మాట ఇచ్చాడు. రాశారు కూడా. ‘మూడు’ అనే మాటను తీగలుగా, ఆకులుగా, పువ్వులుగా అల్లారు. అందంగానే ఉంది, కాదనను. కానీ అది మూడో, ములక్కాడో తేల్చుకోవడానికి నేను బండి ఆపి దిగాల్సి వచ్చింది. ఇది చదవరాదు సార్ అంటే, చూసేవాళ్ళు కాసేపు నిలబడి ఆలోచించాలనే అట్లా రాశామన్నాడు. అంబులెన్స్ నిలబడి ఆలోచించాలా సార్ అని అడిగాను. నా దగ్గర ఇక ఓపిక లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నేను రిటైరయ్యాను. ఒకరోజు పొద్దున కూరగాయలకు పోయి వస్తుంటే, కాలనీ దారిలో ఎవరో అంకుల్ అని పిలిచారు. ఆ పిల్లే. చదువు మధ్యలో ఆపకుండా తిరిగి వచ్చేసింది. కుడిచేతి రెండు వేళ్ళు వంగవు, బ్రష్ నిలవదు. అది తనే చెప్పింది, ఏడుపు లేకుండా చెప్పింది. ఎడమచేత్తో అలవాటు చేసుకుంటున్నానని, ఇప్పటికి అంతా కోడిగీతలేనని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మాటల్లో మా ఇంటి గుర్తులు, గల్లీల అంకెల కథ చెప్పాను. కమిటీ గురించి, తీగల గురించి, ములక్కాడ గురించి అంతా చెప్పి, నా కడుపులోని మంటంతా కక్కేశాను. ఆమె వింటూనే ఉంది. వాళ్ళ సార్ రాయించిన పువ్వుల వైపు కాసేపు చూసింది.

మరుసటి రోజు పొద్దునే మా ఇంటి ముందు నిలబడింది. ఒక చేతిలో తెల్లరంగు, ఇంకో చేతిలో నల్లరంగు. నాతో వస్తారా అంకుల్ అంది. ఎవరినడిగావంటే ఎవరినీ అడగలేదంది. మెయిన్‌రోడ్డు దిక్కు నుంచి లెక్క పెడితే సరిపోతుంది కదా అంది. అంతే. ఏడుగురు తండ్రులు ఇన్నాళ్ళు తేల్చనిది, ఆమె నిలబడి వేలు చూపించి తేల్చేసింది.

మొదటి గల్లీ మూల పువ్వుల మీద తెల్లరంగు కొట్టి, ఆరాక నల్లరంగుతో ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు ఒకటి పైకి, ఒకటి కిందికి పోయాయి. అటుగా పోయే కాలేజీ పిల్లలు ఆగి చూశారు. వాళ్ళ మొహాల్లో జాలి కనిపించింది. ఆమె కూడా చూసింది, మళ్ళీ గోడ వైపు తిరిగింది. రెండో గల్లీ అయింది. మూడో గల్లీ దగ్గరికి వచ్చేసరికి ఎండ ముదిరింది. ఆమె చెమట తుడుచుకుంటూ, తను రాసిందాన్ని చూసి మొహం చిట్లించింది. నేను డబ్బా పట్టుకుని పక్కనే ఉన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

“వంకర పోయిందమ్మా” అన్నాను.

“అవునంకుల్. రోడ్డు మీదికి పోయి చూడండి. బండిలోంచి చూస్తే ఎట్లుంటదో చెప్పండి.”

నేను గోడ నుంచి వెనక్కి నడిచాను, ఇంకా వెనక్కి నడిచాను, మెయిన్‌రోడ్డు దాకా పోయాను. తిరిగి చూశాను. అంత దూరం నుంచి ఆమె మొహం సరిగా ఆనడం లేదు, అక్షరాలు మాత్రం నల్లగా, లావుగా కనబడుతున్నాయి.

“కనబడుతుందా అంకుల్?” అని అరిచింది.

“మూడో గల్లీ” అని గట్టిగా చదివాను.

“అయితే డబ్బా తీసుకుని రండి” అని, ఆమె అప్పటికే నాలుగో గల్లీ వైపు నడుస్తోంది.